నర్సన్న కౌంటర్

ఆ రోజుకు భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్టు తినాలి. పదింటికల్లా మాదాపూర్‌లోని కొత్త ఆఫీసుకు చేరాలి. కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొట్టించాలి. మధ్యాహ్నం కార్యదర్శి గారు వచ్చినప్పుడు, పేరు జనానికి బాగా పట్టిందని ఒక్క మాట చెప్పాలి. ఆ తర్వాత తన గదిలో ఏసీ కింద కూర్చుని పెరుగన్నం తినాలి. ఆయన మనసంతా ఈ ఆఖరి దాని మీదే ఉంది.

ఏసీ గది ఆయనకు కొత్త. ద్రాక్షారామం నుంచి వచ్చి ప్రభుత్వ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన బాలానగర్‌లోనే పనిచేశాడు. అక్కడ వాళ్ల విభాగం ఒక లేత్ మిషన్ల షెడ్డు పైన, రేకుల కప్పు కింద ఉండేది. కింద ఇనుము కోస్తుంటే పైన ఫైళ్లు వణికేవి. టీ కావాలన్నా, ఫైలు కావాలన్నా అరిచి చెప్పాల్సిందే. అలా అరిచి అరిచి ఆయన గొంతు ఆ అరుపు దగ్గరే నిలిచిపోయింది. ఇప్పుడు మణికొండలోని ఇంట్లో అన్నంలోకి ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తలుపు తీసి చూస్తారు.

గుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఆయనకు గది దొరకడానికి కారణం ఒక కౌంటరు. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, పుట్టిన సర్టిఫికెట్, అన్నీ ఒకే కిటికీ దగ్గర కంప్యూటరు మీద అయిపోయే కౌంటరు అది. దాన్ని నడిపి చూడమని ప్రభుత్వం ఆయన విభాగానికి అప్పగించింది. కార్యదర్శి పార్థసారథి గారు ఒక షరతు మాత్రం పెట్టారు. దానికి చదువురానివాళ్లు కూడా సులువుగా చెప్పగలిగే పేరు ఉండాలి, వినగానే మనవాడనిపించాలి. ప్రయోగం రోజున వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ పేరు తమంతట తాము చెప్పాలి. చెప్పలేకపోతే కౌంటరు వేరే విభాగానికి పోతుంది, భీమేశ్వరరావు విభాగం బాలానగర్‌కు పోతుంది. "ఆ గది ఇంకా ఖాళీగానే ఉందండి," అని కార్యదర్శి గారు నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు భీమేశ్వరరావుకు కలలోకి కూడా వచ్చింది.

పేరు కోసం ఆఫీసులో చాలా వెతికారు. కంప్యూటరు ప్రోగ్రాం రాయడానికి కంపెనీ పంపిన శ్యామ్ ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి రోజుకొక పేరు తెచ్చేవాడు. వాటిని విప్పి చెప్పమంటే మర్నాటికి అతనికే గుర్తుండేది కాదు. కౌంటరులో కూర్చోబోయే గుమాస్తా సీతారామాంజనేయులు 'ప్రజా సౌలభ్య సమీకృత చెల్లింపు కేంద్రం' అని సూచించాడు. చెప్పడం పూర్తయ్యేసరికి ఆయనకు దగ్గు వచ్చింది.

చివరికి పేరు కారులో దొరికింది. డ్రైవరు నర్సయ్యది పుప్పాలగూడ. మీ ఊళ్లో జనం ఆఫీసు పనులు ఎలా చేయించుకుంటారని భీమేశ్వరరావు ఊరికే అడిగాడు.

"ఏ పని వడ్డా నర్సన్న తానికే పోతరు సార్," అన్నాడు నర్సయ్య. "పట్టా గావాల్నన్నా, పింఛన్ గావాల్నన్నా గాయనే చేపిస్తడు. ఏ ఊర్ల జూసినా ఒక నర్సన్న ఉంటడు సార్."

ఈ చుట్టుపక్కల యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుని కన్న పిల్లలే ఎక్కువని, ఇంటికొక నర్సయ్యో, నర్సింహులో, నర్సింగో ఉంటాడని కూడా చెప్పాడు. భీమేశ్వరరావుకు సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఇంటింటా ఉన్న పేరు! ఎవరూ కొత్తగా నేర్చుకోనక్కరలేదు. పైగా అన్న అనే పిలుపు కూడా కలిసే ఉంది. మర్నాడే ఫైలు నడిపి, 'నర్సన్న కౌంటర్' అని పెద్ద బోర్డు రాయించాడు.

ఆ సంగతి భార్య అమ్మణ్ణికి చెప్పింది ఇవాళే. పెసరట్టు మీద అల్లం పచ్చడి వేస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"వేరే పేరేదీ దొరకలేదుటండీ?"

"దీనికేం వచ్చింది? ఎంత బాగుందో చూడు. నర్సన్న," అన్నాడు భీమేశ్వరరావు. పక్కింటి తలుపు తెరుచుకుంది.

"అది కాదండీ. మనింట్లో..."

"మనింటికి కాదే, ప్రభుత్వానికి."

మధ్యాహ్నం కరెంటు బిల్లు పట్టుకుని కౌంటరుకు రమ్మని ఆమెకు చెప్పాడు. కార్యదర్శి గారు చూస్తుండగా చదువుకున్న ఇల్లాలు కూడా వచ్చి పేరు చెబితే నిండుగా ఉంటుంది కదా. "నేను చెప్పాలా?" అని అమ్మణ్ణి అడిగేసరికి ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోతున్నాడు.

ఆఫీసులో పూజ బాగానే జరిగింది. సీతారామాంజనేయులు కంప్యూటరుకు బంతిపూల దండ వేశాడు. తెర పైనున్న ప్లాస్టిక్ అంచుకు పసుపు రాసి, పెద్ద కుంకుమ బొట్టు పెట్టాడు. బొట్టు మరీ పెద్దదైంది. హాలు గుమ్మం దగ్గర నిలబడి చూసినా ముందు అదే కనపడుతోంది. కీబోర్డులోకి కుంకుమ రాలుతుందని శ్యామ్ ఒక పక్క నిలబడి గిలగిలలాడాడు గాని, ఎవరూ అతని గోడు పట్టించుకోలేదు.

ప్రోగ్రాంలో మొదటి తెర మీద ఒకే ప్రశ్న ఉంటుంది. వచ్చినవారు కౌంటరు పేరు చెప్పారా? చెప్పారని 'వై' నొక్కితే లోపలి తెర వస్తుంది, పని మొదలవుతుంది. లేదని 'ఎన్' నొక్కితే 'ధన్యవాదాలు, మళ్లీ రండి' అని వచ్చి అక్కడితో మూసుకుంటుంది. లెక్కల్లో మోసం జరిగిందని రేపు ఎవరూ అనకూడదని భీమేశ్వరరావే పట్టుబట్టి అలా రాయించాడు. ఆ కుర్చీలో సీతారామాంజనేయుల్ని కూర్చోబెట్టడానికి కారణం కూడా అదే. తన చెవితో వినంది ఆయన సర్వీసు మొత్తంలో ఎక్కడా రాయలేదు.

పొద్దున పూట మగవాళ్లంతా పనుల్లో ఉంటారు. కట్టే బిల్డింగుల దగ్గర, గేట్ల దగ్గర, బండ్ల మీద. అందుకని వచ్చినవాళ్లంతా ఆడవాళ్లే. అందరికంటే ముందు నిలబడింది రాజమ్మ. ఆమె అదే భవనంలో రెండో అంతస్తు ఊడుస్తుంది. డ్రైవరు నర్సయ్య భార్య. కూతురు స్వప్నను బడిలో చేర్చుకోవాలంటే పుట్టిన సర్టిఫికెట్ కావాలన్నారని వచ్చింది.

"ఎవరి దగ్గరికొచ్చారమ్మా?" అని సీతారామాంజనేయులు మర్యాదగా అడిగాడు.

"నీ తానికే సారూ."

"నా దగ్గరికి కాదు. ఈ కౌంటరు పేరు చెప్పాలి."

రాజమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "గది నా నోట్లకెళ్లి రాదు సారూ."

"పేరు తెలియదా?"

"తెల్వకేంది. పెండ్లయినకాడికెళ్లి ఎరుకే."

కౌంటరు తెరిచింది ఈ పొద్దున. ఈమెకు పెళ్లయి ఎన్నేళ్లయిందో ఏమో. సీతారామాంజనేయులు కాసేపు ఆలోచించి, ఏదేమైనా పేరు తన చెవిన పడలేదు కాబట్టి 'ఎన్' నొక్కాడు. ధన్యవాదాలు, మళ్లీ రండి అని తెర మీద ఉన్నది చదివి వినిపించాడు. మళ్లీ రమ్మన్నారు కాబట్టి రాజమ్మ వెళ్లి వరుస చివర నిలబడింది.

తర్వాత వచ్చిన ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆమె మామ నర్సింహులు. ఆ వెనకామె బావ నర్సింగు. ఇంకొకామె పెనిమిటి పేరు మల్లేశమే గాని, అత్త పేరు నర్సమ్మ. అత్త పేరు సగం పలికినా పలికినట్టే కదా అని ఆమె భయం. అయితే ఇవేవీ వాళ్లు పైకి చెప్పలేదు. ఎందుకు చెప్పనో చెప్పాలంటే ఎవరి పేరో చెప్పాలి, అది చెప్పగలిగితే అసలు గొడవే లేదు. కొంగు అడ్డం పెట్టుకోవడం, నవ్వడం, మళ్లీ రమ్మన్నారు కాబట్టి వరుస చివరికి వెళ్లడం. కాసేపటికి వరుస రెండు కొసలూ కలిసిపోయి హాల్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

అద్దం వెనక నుంచి చూస్తున్న భీమేశ్వరరావుకు మొదట ఆనందం వేసింది. ఎంతమంది జనం! తర్వాత తెర మీద వరసగా పడుతున్న 'ఎన్'లు చూసి కుర్చీలోంచి లేచాడు. నోట్లోంచి రాదంటున్నారని సీతారామాంజనేయులు చెప్పగానే ఆయనకు విషయం అర్థమైపోయింది. పాపం, పలకడం కష్టంగా ఉంది. ఆయన హాల్లోకి వచ్చి, అందరి మధ్యా నిలబడి, బాలానగర్ గొంతుతో పాఠం మొదలుపెట్టాడు.

"నర్. సన్. న. భయం లేదు, అందరూ నాతోపాటు అనండి."

ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఒక ముసలామె శివశివా అంటూ కింద కూర్చుండిపోయింది. మణికొండలో కూరగాయలమ్మే కనకమ్మ అనే ఆమె మాత్రం కాస్త ధైర్యం గలది. ఆమె పక్కనే ఉన్న శ్యామ్‌ను చొక్కా పట్టుకుని లాగి, "ఏం బిడ్డా, కట్టుకున్నోన్ని పట్టుకొని ఎవరన్న అన్న అంటరా?" అని మెల్లగా అడిగింది.

శ్యామ్ చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగాడు. అతనికి ఆ మాటలో సగమే అర్థమైంది. ఆ సగాన్నే తీసుకెళ్లి సార్‌కు చెప్పాడు.

"సార్, ఇది యూజర్ ప్రాబ్లమ్ సార్. పేరుతో ఇష్యూ లేదు. వాళ్లకి అన్న అనడం ఇబ్బందిట."

భీమేశ్వరరావు ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. అన్న తీసేయమన్నాడు. బోర్డు రాసిన మునిస్వామి ఇంకా డబ్బుల కోసం కిందే కూర్చుని ఉన్నాడు. ఆయన్ని నిచ్చెన ఎక్కించి చివరి అక్షరం మార్పించారు. ఇప్పుడది 'నర్సయ్య కౌంటర్' అయింది. ఇంతకుముందు రాజమ్మ తన భర్తను అన్న అనాల్సి వచ్చేది. ఇప్పుడు సరాసరి పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. కొత్త పేరు చెవిన పడగానే ఆమె ఇంకో మడత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

'ఎన్'లు ఆగలేదు. భీమేశ్వరరావు శ్యామ్‌ను పక్కకు పిలిచి ఆ మొదటి ప్రశ్నే తీసేయలేవా అని అడిగాడు. తీసేయవచ్చుగాని, ఆ ప్రోగ్రాం దాచిన ఫ్లాపీ డిస్కు సామాన్లు మార్చినప్పుడు బాలానగర్‌లోనే ఉండిపోయిందని శ్యామ్ చెప్పాడు. వెంటనే నర్సయ్యను కారిచ్చి పంపారు.

నర్సయ్య కారు తిప్పుతూ తలెత్తి చూశాడు. బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. పొద్దుటిదాకా అక్కడ ఊరికి పనులు చేసిపెట్టే పెద్దమనిషి పేరు ఉంది. ఇప్పుడు తన పేరు ఉంది. సార్ తన ఎదుట ఏమీ అనకుండా, తను వెనక్కి తిరిగినప్పుడు ఎంత గొప్ప పని చేశాడు అనుకుంటే అతనికి కళ్లు చెమర్చాయి. బాలానగర్ ఎటూ పోదు. ముందు ఊళ్లో ఒక మాట చెప్పి వద్దామని కారును పుప్పాలగూడ వైపు తిప్పాడు.

సర్కారు కౌంటరుకు నా పేరు పెట్టిందని నర్సయ్య కల్లు కాంపౌండు ముందు కారాపి చెప్పాడు. నీ పేరే అని ఏం గ్యారంటీ, నా పేరు కాదా అన్నాడు అక్కడున్న ఇంకో నర్సయ్య. ఆ మాట పక్క వాడకట్టుకు చేరేసరికి నర్సయ్యల పేరు మీద సర్కారు ఏదో కట్టిందట అయింది. చెరువు కట్ట దాటేసరికి నర్సయ్య అని పేరున్నవాళ్లకు సర్కారు ఏదో ఇస్తుందట, రేషన్ కార్డు తీసుకుపోవాలట అయింది. ట్రాక్టరు నర్సింహులు తన పేరు కూడా లెక్కలోకి వస్తుందో రాదోనని కాసేపు పరేషాన్ అయ్యి, చివరికి ట్రాక్టరు ఉన్నది తనకే కాబట్టి అందర్నీ ఎక్కించుకున్నాడు.

అద్దాల భవనం గేటు దగ్గర కాపలా ఉండే స్వామి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని లోపలికి వదులుతాడు. ఆ రోజు రాసీ రాసీ అతనికి అనుమానం వచ్చింది. పైకి ఫోను చేశాడు.

"సార్, నర్సయ్య వచ్చిండు."

ఫ్లాపీ వచ్చిందనుకుని భీమేశ్వరరావు ఊపిరి పీల్చుకున్నాడు. "తొందరగా పంపు."

"ఏ నర్సయ్యను సార్?"

"ఎంతమంది ఉన్నారేమిటి?"

"జర కిటికీలకెళ్లి చూడున్రి సార్."

భీమేశ్వరరావు కిటికీలోంచి చూశాడు. ట్రాక్టరు నిండా తలపాగాలు. వాళ్లందరి ముందు, కారు పక్కన, పెళ్లికొడుకు లాగా తన డ్రైవరు. చేతిలో ఫ్లాపీ లేదు.

నర్సయ్యలు హాల్లోకి వచ్చేసరికి గుండ్రంగా తిరుగుతున్న వరుసలోని ఆడవాళ్లు సర్దుకుని కొంగులు కప్పుకున్నారు. అక్కడున్నవాళ్లలో సగంమంది భర్తలూ మామలూ వాళ్లే. సీతారామాంజనేయులు మొదటి మనిషిని ఎవరి దగ్గరికి వచ్చారని అడిగాడు. "నేనే నర్సయ్య," అన్నాడు అతను. పేరు చెవిన పడింది. అయితే అది కౌంటరు పేరు కాదు, ఆ మనిషి పేరు. వై నొక్కాలా, ఎన్ నొక్కాలా? సీతారామాంజనేయులు రెండు వేళ్లూ రెండు మీటల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. సర్వీసులో మొదటిసారి ఆయనకు చెమట పట్టింది, అదీ ఏసీలో.

వెనకున్న కుర్రవాళ్లను అడిగితే వాళ్లు ఊళ్లో అందరికంటే పెద్దవాడైన పెద్ద నర్సయ్య వైపు చూశారు. పెద్దాయన పక్కనుండగా ఆ పేరు పెట్టి ఎట్ల పిలుస్తం సార్ అన్నారు. పెద్ద నర్సయ్యనే అడిగితే ఆయన కర్ర ఆనించి, కంప్యూటరును కింద నుంచి పైదాకా చూశాడు.

"ఇది ఎప్పుడు వుట్టింది?"

"ఇవాళ పొద్దున ప్రారంభించామండి."

"పొద్దుగాల వుట్టినదానికి నా పేరు వెట్టి, మల్ల నన్నే పిలువుమంటున్రా?" అని ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఇంక లేవలేదు.

డ్రైవరు నర్సయ్యకు ఇవేవీ పట్టలేదు. వరుసలో భార్య కనపడగానే దగ్గరికి పోయి, "చూసినవా? సర్కారు వెట్టిన పేరు. ఒక్కసారి జెప్పు, జర ఇంటా," అని బతిమాలాడు. రాజమ్మ కొంగు పక్కకు తీసి, "ఇంటికి రా, జెప్తా," అని మళ్లీ కప్పుకుంది.

సరిగ్గా అప్పుడే కార్యదర్శి పార్థసారథి గారు వచ్చారు.

ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు. హాలంతా జనం, నడవడానికి చోటు లేదు. ఆయన మొహంలో మెప్పు కనపడింది. ఎంతమందికి పని అయిందని అడిగారు. తెర చూసిన శ్యామ్ బూట్ల వైపు చూసుకున్నాడు. కార్యదర్శి గారే వంగి చూశారు. మెప్పు పోయింది. "బాలానగర్ గది..." అని ఆయన ఏదో అనబోతుండగా, ఆటో దిగి అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చింది. జరీ అంచు నేత చీర కట్టుకుంది. చేతిలో కరెంటు బిల్లు ఉంది.

భీమేశ్వరరావుకు పోయిన ప్రాణం లేచివచ్చింది. అమ్మణ్ణిది కోటిపల్లి. ఆమెకు పుప్పాలగూడలో చుట్టాలు లేరు. ఈవిడ సామాన్య గృహిణి అని చెప్పి, జనాన్ని పక్కకు జరిపి ఆమెను కౌంటరు ముందు నిలబెట్టాడు.

"ఎవరి దగ్గరికొచ్చారమ్మా?" అని సీతారామాంజనేయులు అడిగాడు.

అమ్మణ్ణి తల వంచుకుంది. బిల్లును చిన్న మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

"చెప్పవే," అని భీమేశ్వరరావు గుసగుసలాడాడు. ఆయన గుసగుస గేటు దగ్గరున్న స్వామికి కూడా వినిపించింది. "నర్సయ్య అని చెప్పవే."

"మావగారి పేరు నేనెలా చెప్పనండీ?"

"ఏ మావగారు?"

అమ్మణ్ణి తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. "మీ నాన్నగారేనండీ."

భీమేశ్వరరావు తండ్రి లక్ష్మీనరసింహం గారు. ఆయన్ను ఇంట్లో నాన్నగారూ అనీ, ఊళ్లో పంతులుగారూ అనీ తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. దరఖాస్తుల్లో కూడా కొడుకు ఎల్.ఎన్. అని రెండు పొడి అక్షరాలే రాస్తూ వచ్చాడు. ద్రాక్షారామంలో పూజ గదిలో దండ వేసిన ఫొటోలో ఉన్న నాన్నగారికీ, ఈ బోర్డు మీది నర్సయ్యకూ పేరు కలుస్తుందని ఆయనకు ఇంతవరకూ తోచలేదు. పొద్దున అమ్మణ్ణి చేతిలో పచ్చడి గరిటె ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. ఈ ఆడవాళ్లంతా కొంగులు ఎందుకు అడ్డం పెట్టుకున్నారో కూడా అప్పుడే తెలిసింది.

వరుసలో ఒకరి నుంచి ఒకరికి మాట పాకింది. సారు ఇంటామెకు కూడా గదే తిప్పలంట. రాజమ్మ ముందుకు వచ్చి, అమ్మణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తన పక్కన నిలబెట్టుకుంది. జర జరుగున్రి, అమ్మ కూడా మనతోటే అంది.

కార్యదర్శి గారు రాజమ్మ వైపు తిరిగి, పేరు చెప్పకుండా ఇంతమంది ఒకరికొకరు దారి ఎలా చెప్పుకున్నారని అడిగారు.

"బొట్టు డబ్బ కాడికి అన్నం సార్," అంది రాజమ్మ కంప్యూటరు వైపు చూపించి. "గంత పెద్ద బొట్టు ఎవరికి కానరాదు?"

అవునన్నట్టు అందరూ తలలూపారు. కనకమ్మ కూడా తన పక్కింటామెకు అలాగే చెప్పి పంపిందట. కుర్చీలో ఉన్న పెద్ద నర్సయ్య కర్రతో నేల మీద ఒకసారి కొట్టి, "బొట్టు డబ్బ అనున్రి. ఎవరికి తక్లీఫ్ లేదు," అన్నాడు.

కార్యదర్శి గారు సీతారామాంజనేయుల వైపు చూశారు. తన చెవితో విన్నాడు కదా. ఆయన ధైర్యంగా 'వై' నొక్కాడు. పొద్దుటి నుంచి ఎవరూ చూడని లోపలి తెర వచ్చింది. శ్యామ్ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాడు. రాజమ్మ కిటికీ దగ్గరికి వచ్చి కూతురి పేరు స్వప్న అని చెప్పింది. పుట్టింది పుప్పాలగూడ అని చెప్పింది. సీతారామాంజనేయులు తర్వాతి ప్రశ్న చదివాడు.

"తండ్రి పేరు?"

రాజమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

హాలంతా డ్రైవరు నర్సయ్య వైపు తిరిగింది. అతను ముందుకు వచ్చి, పెద్ద నర్సయ్యకు ఒక దండం పెట్టి, తన పేరు తనే చెప్పుకున్నాడు. కంప్యూటరు పక్కనున్న ప్రింటరు కీచుమంటూ సర్టిఫికెట్ బయటికి తీసింది. రాజమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తండ్రి పేరున్న చోట వేలితో తడిమి, మడత పెట్టి జాకెట్లో దాచుకుంది. ఇంటికి రమ్మన్న మాట అప్పటికి మరిచిపోయినట్టే కనిపించింది.

ఆ తర్వాత ఒక్కరికి కూడా పని ఆగలేదు. అమ్మణ్ణి కూడా బొట్టు డబ్బ దగ్గరికి వచ్చానని చెప్పి కరెంటు బిల్లు కట్టింది.

భీమేశ్వరరావు పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, మూత తీయకుండా, ఆఖరిసారి ఏసీ గాలి పీలుస్తున్నట్టు కూర్చున్నాడు. కార్యదర్శి గారు లోపలికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. మిగతా విభాగాలు తమ పథకాలకు పెట్టిన పేర్లు జనం చెప్పడం మాట అటుంచి, పెట్టినవాళ్లే చెప్పలేకపోయారట. ఇక్కడ ఒక్క పూటలో చిన్నా పెద్దా, ఆడా మగా అందరూ ఒకే మాట అన్నారు. 'బొట్టు కౌంటర్' పేరు ఖాయం. రోజూ పొద్దున బొట్టు పెట్టాలని ఉత్తర్వుల్లోనే రాయిస్తానన్నారు. భీమేశ్వరరావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బతికిపోయానని మాత్రం అర్థమైంది. డబ్బా మూత తీశాడు.

"జనం నాడి ఇంతగా తెలిసిన మనిషిని ఈ అద్దాల వెనక కూర్చోబెట్టడం నేరమండీ," అన్నారు కార్యదర్శి గారు. "మొదటి అసలు కౌంటరు కార్మికుల మధ్యే తెరవాలి. అది మీ చేతుల మీదుగానే జరగాలి. అదృష్టం చూడండి, బాలానగర్ గది ఇంకా ఖాళీగానే ఉంది."

భీమేశ్వరరావు విభాగం మళ్లీ రేకుల కప్పు కిందికి వెళ్లిపోయింది. కుంకుమ పొట్లం అమ్మణ్ణి రోజూ అన్నం డబ్బాతో పాటే పంపుతుంది. అక్కడ లేత్ మిషన్ల చప్పుడుకు ఎవరు ఏ పేరు చెప్పినా వినపడదు కాబట్టి అడగడం మానేశారు, పనులు మాత్రం త్వరగా అవుతున్నాయట.